మాట పోయిన మా బాపు పాడిన మూడో చరణం

దయ్యాలున్నాయా టీచర్ అని పిల్లలు అడిగితే, "ఉంటే ఒకదాన్ని పట్టుకురండి, తూకం వేద్దాం" అని నవ్వించేదాన్ని. హనుమకొండలో ఇరవై ఏళ్లుగా సైన్స్ చెప్తున్నాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మా బాపు విషయంలో జరిగింది మాత్రం నాకు అంతుచిక్కలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది వర్ధన్నపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. బాపు పద్దెనిమిదేళ్లకే మిలిటరీలో చేరి, హవల్దారుగా రిటైరై, హనుమకొండలో ఇల్లు కట్టుకున్నాడు. రోజూ పొద్దున మాజీ సైనికుల హాలుకు వెళ్లి, అందరితో నాలుగు మాటలు మాట్లాడి భోజనాల వేళకు వచ్చేవాడు.

ఆ హాలు ఒకప్పుడు చర్చి. మిషన్ దొరల కాలంలో రాయితో, సున్నంతో కట్టింది. చర్చికి వచ్చే సంఘం పెరిగి పెద్దరోడ్డు మీద కొత్త చర్చి కట్టుకున్నాక, ఇది కొంతకాలం వడ్ల గోదాముగా ఉంది. తర్వాత చాలా ఏళ్లు తాళం వేసే ఉంది. బాపు రిటైరై వచ్చాకే సంఘ పెద్దలు దాన్ని మాజీ సైనికులకు ఇచ్చారు. పాస్టరు నిలబడే చోట ఇప్పుడు జెండా, యుద్ధాల్లో పోయినవాళ్ల ఫోటోలు ఉన్నాయి. కప్పు మీది సిలువను దించుదామని ఎవరో అంటే బాపు అడ్డుపడ్డాడట. "ఆయన మనకన్న సీనియర్. ఉండనీయిండ్రి" అన్నాడట.

మూడేళ్ల కిందట బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. మెదడులో మాటకు సంబంధించిన భాగం దెబ్బతిందని, ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. మంచినీళ్లు అడగాలన్నా ఎడమచేత్తో గ్లాసు చూపించేవాడు. ఎంతసేపు చూపించినా మాకు అర్థం కానప్పుడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. అది చూడలేక నేను సెలవు రోజుల్లో ఆటోలో హాలుకు తీసుకెళ్లేదాన్ని.

ఒక ఆదివారం ముసురు పట్టింది. హాల్లో ఆరేడుగురు ఉన్నారు. బాపును బెంచీ మీద కూర్చోబెట్టి, నేను టేబుల్ దగ్గర శాంతమ్మ గారి పెన్షన్ కాగితాలు నింపుతున్నాను. ఆమె భర్త కూడా సైనికుడే, ఆ మధ్యే పోయాడు. టైము పదకొండు కావస్తోంది.

ఎవరో పాడుతున్నారు. రేడియో అనుకున్నాను. తలెత్తి చూస్తే అందరూ బాపువైపు తిరిగి ఉన్నారు. బాపు తల కొద్దిగా వంచి, కళ్లు తెరిచే, నెమ్మదిగా పాడుతున్నాడు. ఒక్క మాట తడబడటం లేదు.

బాపు స్నేహితుడు యాదగిరి మామ నా భుజం తట్టి, "బిడ్డా, ఫోన్ల పట్టు, జల్ది" అన్నాడు. మొదటి చరణం నుంచే రికార్డు చేశాను. అది క్రైస్తవుల పాట. మా ఇంట్లో ఎవరికీ రాని పాట. మూడో చరణం ఇలా ఉంది:

చెప్పులు విడిచితి నీ గడపన ప్రభువా
మాటలు విడిచితి నీ ఎదుట
మౌనమె నా కానుక

అక్కడితో ఆగిపోయాడు. "బాపూ" అని నేను చెయ్యి పట్టుకుంటే మళ్లీ ఎప్పటిలాగే పెదవులు కదిపాడు. శబ్దం రాలేదు.

శాంతమ్మ గారు లేచి నిలబడి ఉన్నారు. "ఇది మా తాత కట్టిన పాట బిడ్డా. మా తాత ఈ గుళ్లనే పాస్టరు. అచ్చు కాలే, రాసుకున్న పుస్తకం చెదలు తిన్నయి. నాకు రెండు చరణాలే యాదికున్నయి. ఈయనకెట్ల తెల్సు?"

డాక్టరును అడిగాను. మాట పోయినా పాట మిగిలేవాళ్లు ఉంటారని, అందులో వింత లేదని అన్నారు. నాకు ధైర్యం వచ్చింది. కానీ ముందే నేర్చిన పాటే కదా మిగలాలి? మా బాబాయిని అడిగాను. "అన్న హనుమకొండ మొఖం చూసిందే మిలిటరీకి పోయేటప్పుడు. గా చర్చికెప్పుడు పోయిండు?" అన్నాడు. బాపు తిరిగి వచ్చేనాటికి చర్చి మూతపడి ఏళ్లు గడిచాయి.

శాంతమ్మ గారికి ఖమ్మంలో అక్క ఉంది, తాత పాటలన్నీ ఆమెకు వచ్చునట. తొంభైకి దగ్గర పడింది, మంచం దిగలేదు. పాట సంగతి ఆమెకు చెప్పొద్దని మాట తీసుకుని, శాంతమ్మ గారితో కలిసి వెళ్లాను. రెండు చరణాలు వినిపించి, మూడోది మొదలుకాకముందే ఫోన్ ఆపేశాను. అది నేను కావాలని పెట్టిన పరీక్ష.

ఆ ముసలామె మావైపు చూడలేదు. కప్పు చూస్తూ, సన్నటి గొంతుతో తానే అందుకుంది. "చెప్పులు విడిచితి నీ గడపన ప్రభువా..." ఒక్క అక్షరం తేడా లేదు. శాంతమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేను మిగతా రికార్డింగ్ పెట్టి మళ్లీ సరిచూసుకున్నాను.

ఇప్పుడు కొత్త చర్చిలో ఆ పాట మూడు చరణాలూ పాడుతున్నారు.

బాపు ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికాడు. మళ్లీ పాడలేదు, మాట్లాడలేదు. రికార్డింగ్ వినిపిస్తే ఎవరో పరాయివాళ్లు పాడుతున్నట్టు శ్రద్ధగా వినేవాడు.

ఒకరోజు హాల్లో అదే బెంచీ మీద, ఎడమపక్కన కూర్చుని, ఆయన చెవి దగ్గర అడిగాను. "బాపూ, గా పాట నీకెవరు నేర్పిండ్రు?"

ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు. తర్వాత కదిలే ఆ ఒక్క ఎడమచేతిని ఒంటికి అడ్డంగా, కష్టంగా చాపి, కుడిపక్కన ఉన్న ఖాళీ జాగాను రెండుసార్లు మెల్లగా తట్టాడు, పక్కన కూర్చున్న మనిషి తొడ మీద తట్టినట్టు.

నేను ఆ జాగాను చూశాను. అక్కడెవరూ లేరు. ఇంతకుమించి నాకు తెలియదు.