మస్తాన్‌బీ అడిగిన పది రూపాయలు

మా అమ్మాయి రమ ఎగ్జిబిషన్‌లో కొన్న కొత్త చెక్కగరిటె మీద మొన్న పొద్దున వేడినీళ్లు పోశాను. ఆవిరితో పాటు ఒక వాసన లేచింది. పచ్చికర్ర వాసన కాదు, ఎండుకర్రదీ కాదు. అడవి కర్రను చెక్కి, నున్నగా రుద్ది, తొలిసారి తడిపినప్పుడు మాత్రమే వచ్చే వాసన అది. ఎక్కడ కొన్నావని అడగకుండానే ఉదయగిరి గరిటె అని తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే హాల్లో రమ ఫోన్‌లో స్నేహితురాలితో అంటోంది: "పాపను చూసే ఆయా మళ్లీ జీతం పెంచమంటోందే. మన అవసరం వీళ్లకు బాగా తెలిసిపోయింది." అదే మాట, అంతే విసుగుతో, ఒకప్పుడు నేనూ అన్నాను. చాటుగా కూడా కాదు, ముఖం మీదే అన్నాను. ఆ మాట పడినామె పేరు మస్తాన్‌బీ.

డెబ్బైల చివర నేను ఉదయగిరిలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మా ఆయన ఆత్మకూరులో గుమస్తా. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తొలి బస్సుకు వెళ్లిపోయేవారు. ఇద్దరినీ ఒక ఊళ్లో వేయమని పెట్టుకున్న అర్జీ ఏ ఫైలు కింద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. రమ పుట్టాక నా సెలవు ఇట్టే అయిపోయింది. పిల్లను చూడటానికి ఒకామెను పెట్టుకుంటే, వేరుశనగ కాయలు పీకే కాలం రాగానే పొలంలో కూలి ఎక్కువొస్తుందని వెళ్లిపోయింది. రెండో ఆమె నాట్లకు సంగం వైపు పోయే ఆడవాళ్లతో కలిసి బస్సెక్కింది. ఎక్కేముందు, "ఆడ ఇచ్చేంత నువ్విస్తావా టీచరమ్మా?" అని అడిగి మరీ ఎక్కింది. పొలంలో కూలి పెరిగినప్పుడల్లా మా ఇంట్లో ఉయ్యాల ఊపే చేతికీ రేటు పెరిగేది. ఊరంతా వానల కోసం ఎదురుచూస్తుంటే నేనొక్కదాన్నే భయపడేదాన్ని.

వారం రోజులు పిల్లను బడికి తీసుకుపోయి, నా కుర్చీ పక్కన దుప్పటి పరిచి పడుకోబెట్టాను. రెండో తరగతి పిల్లలు ఎక్కాలు అందుకోగానే అది ఉలిక్కిపడి లేచేది. ఏడుపు వినగానే హెడ్మాస్టరుగారు గుమ్మం దాకా వచ్చి ఒకసారి దగ్గేవారు. ఆ దగ్గు కన్నా మెమో ఇచ్చినా బాగుండేది. ఉద్యోగం మానేయమని అనంతసాగరం నుంచి మా అత్తగారు కబురు మీద కబురు. మానేస్తే ఇల్లు గడవదని చెప్పేదాన్ని. అది నిజమే. కానీ పాఠం చెప్పడమంటే నాకు ప్రాణం కూడా. ఆ మాట పైకి అనడానికి ఆ రోజుల్లో బిడ్డల తల్లులం సిగ్గుపడేవాళ్లం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మస్తాన్‌బీ మా వాకిట్లోకి వచ్చింది. మా వీధి చివరి ఇల్లు వాళ్లది. భర్త కర్రను చెక్కి గరిటెలు, చెంచాలు చేస్తే, వాటికి ఆకురాయి పట్టి, గరుకు కాయితంతో రుద్ది నున్నగా చేయడం ఆమె పని. డజనుకు ఇంతని కొట్టువాళ్లు ఇచ్చేవారు. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లుంటాయేమో. అందరిలాగే నేనూ బూబమ్మా అని పిలిచేదాన్ని.

"పిల్ల ఏడుపు బజారు దాకా ఇనపడతా ఉండాది టీచరమ్మా," అంది. "రేప్పొద్దన నా కాడ ఇడిచిపెట్టి పో. ఇచ్చేది తర్వాత మాట్లాడుకుందాం."

ఆ తర్వాత మాట్లాడుకుని నెలకు ఇరవై రూపాయలనుకున్నాం. ఏడాది దాటాక ఆమె అడగకుండానే అయిదు పెంచాను. ఆ అయిదు గురించి చాలా రోజులు నా మీద నాకు గొప్పగా ఉండేది.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం నేను వెళ్లగానే పిల్లను చేతికిచ్చేది కాదు. ముందు ఆ రోజు సంగతంతా ఒప్పజెప్పేది. "పొద్దన గంజి తాగింది. మద్దేనం పప్పన్నం నాలుగు ముద్దలు, అయిదోది ఊసేసింది. గడప కాడ పడింది. నుదురు చూడు, వాయలేదు. దాచిపెట్టేది నాకు రాదు." చెప్పడం అవగానే పిల్లను నేల మీద దించి, గబుక్కున లోపలి గదిలోకి తప్పుకునేది. రమ ఇటూ అటూ చూసి, ఎదురుగా నేనొక్కదాన్నే ఉండేసరికి తప్పటడుగులేస్తూ నా దగ్గరికి వచ్చేది. రోజూ అలా లోపలికెందుకు పోతావని ఒకసారి అడిగాను.

"ఇద్దరం ఎదురుగా నిలబడితే ఎవురి కాడికి పోవాల్నో బిడ్డకు తెలవదు," అంది. "దినమంతా నా కాడే ఉండె. సాయంత్రమన్నా నిన్ను చూసి రావాల గదా."

రమ తొలి మాట "అమ్మీ". అది నన్ను చూసి అన్నది కాదు. ఒక మధ్యాహ్నం బడి తొందరగా వదిలితే, నేను వచ్చిన సంగతి తెలియక మస్తాన్‌బీ దానికి చెప్పడం గుమ్మం బయటి నుంచి విన్నాను. "అమ్మీ కాదు, నేను బూబూని. అమ్మ బడి కాడుండాది. అమ్మ, అను." పిల్ల మళ్లీ అమ్మీ అంటోంది, ఆమె మళ్లీ దిద్దుతోంది. ఓపికగా పలక దిద్దించే టీచర్లను చాలామందిని చూశాను. తనకు వచ్చిన పిలుపును వేరొకరికి దిద్దించిన మనిషిని మాత్రం ఆమెనొక్కదాన్నే చూశాను.

పిల్ల పాకడం మొదలుపెట్టాక ఇంకొకటి జరిగింది. ఆకురాళ్లూ ఉలులూ చేతికి అందుతున్నాయని, కర్ర రజను నోట్లో పెట్టుకుంటోందని, పగలు గరిటెల పని ఆపేసింది మస్తాన్‌బీ. పిల్ల నిద్రపోయినప్పుడు మాత్రం వసారా ఆ చివర కూర్చుని ఒకటో రెండో రుద్దేది. వాళ్లాయనతో ఒక బుల్లి చెంచా చేయించింది. రమ దాంతో తప్ప తినేది కాదు. ఇల్లు శుభ్రంగా ఉండటం చూసి, అమ్మయ్య అనుకున్నాను. ఆగిపోయిన ఆ పని వాళ్లింటికి ఎన్ని డజన్ల నష్టమో లెక్కలు చెప్పే టీచర్నయ్యుండీ నేను వేసుకోలేదు.

ఎనభై దగ్గర పడేసరికి ధరలు మండిపోతున్నాయి. కిరోసిన్, నూనె, పంచదార, దేన్ని ముట్టుకున్నా చెయ్యి కాలేది. కరువు భత్యం పెంచాలని మా టీచర్లందరం ఆత్మకూరులో దీక్షలకు కూర్చున్నాం. రెండు రోజులు నేనూ వెళ్లాను. పెరిగిన ధరలకు తగ్గట్టు జీతం ఇవ్వాలని గొంతు పోయేదాకా అరిచాను. ఆ రెండు రోజులూ చీకటి పడేదాకా రమ మస్తాన్‌బీ దగ్గరే. తిరిగి వెళ్లేసరికి నాకు మాట పెగలడం లేదు. ఆమె మిరియాల కషాయం కాచి ఇచ్చి, "గట్టిగా అడిగినారా? అడగాల," అని నవ్వింది. కొన్నాళ్లకు మాకు భత్యం పెరిగింది. బడిలో మిఠాయి పంచుకున్నాం. రమ కోసం దాచుకున్న ముక్కలో సగం మస్తాన్‌బీకి నేనే పెట్టాను.

మర్నాడు సాయంత్రం, పిల్ల సంగతులన్నీ ఒప్పజెప్పాక, ఆమె లోపలికి పోకుండా నిలబడింది.

"టీచరమ్మా, నెలకు ఇంకో పది రూపాయలు పెంచాల."

"ఉన్నట్టుండి పదా? మొన్ననే కదా అయిదు పెంచాను."

"నీకు పెంచినారు గదా."

"అది ధరలు చూసి గవర్నమెంటు ఇచ్చింది బూబమ్మా."

"నేనేమన్నా వేరే అంగట్లో కొంటానా?"

ఎత్తిపొడవలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. అందుకే కోపం వచ్చింది. "నా అవసరం బాగా తెలిసిపోయింది నీకు," అన్నాను.

మస్తాన్‌బీ నా వైపు చూసింది. "నీ అవసరం నాకు మొదటి దినమే తెలుసు గదమ్మా," అంది నెమ్మదిగా. "అది తెలిసే గదా నీ వాకిట్లోకి వచ్చినాను."

అక్కడితో తగ్గి ఉండాల్సింది. తగ్గలేదు. శనివారం మా ఆయన వచ్చి సంగతి విని, పది రూపాయలే కదా ఇచ్చేయమన్నారు. పది కాదు, పద్ధతి ముఖ్యమన్నాను. ఏ పద్ధతో ఇప్పటికీ నాకు తెలియదు. అత్తగారు ఊరికే పెంచుతానంటుంటే డబ్బు పోయడమెందుకని పిల్లను అనంతసాగరం పంపేయాలని ఆదివారమే నిర్ణయం చేసేశాను. ఆ మాట చెప్పడానికి పిల్లను ఎత్తుకుని ఇద్దరం బూబమ్మ ఇంటికి వెళ్లాం. మస్తాన్‌బీ ఉతికి మడతపెట్టిన పిల్ల గౌన్లు లోపలి నుంచి తెచ్చింది. ఏం తింటుందో, ఎటు తిరిగి పడుకుంటే నిద్రపోతుందో మా ఆయనకు చెప్పింది, నాకు కాదు. చివర ఆ బుల్లి చెంచా అందించింది. "ఇంట్లో స్టీలువి ఉన్నాయిలే," అన్నాను. ఆమె దాన్ని వెనక్కి తీసుకుని కొంగులో పెట్టుకుంది. రమ రెండు చేతులూ ఆమె వైపే చాచి ఏడుస్తోంది. ఎప్పటిలాగే ఆమె లోపలికి తప్పుకుంది, ఈసారి తలుపు కూడా వేసుకుంది.

అనంతసాగరంలో రమ నెల రోజులు సరిగా తినలేదు. స్టీలు చెంచా చూస్తే మొహం తిప్పుకుంటోందని అత్తగారు చెప్పారు. ప్రతి ఆదివారం ఆత్మకూరులో బస్సు మారి వెళ్లేదాన్ని. ఆ చార్జీలు నెలకు పది రూపాయల కన్నా ఎక్కువే అయ్యేవి. అయినా డబ్బు మాట పక్కన పెట్టండి. నేను వెళ్లేసరికి పిల్ల గేదెల చావిట్లోకి పరిగెత్తి దాక్కునేది. అవ్వ వచ్చి బతిమాలితే తప్ప నా దగ్గరికి వచ్చేది కాదు. నన్ను చూసి రావాలని లోపలికి తప్పుకునే మనిషి అక్కడ లేదు. ఏడాదిన్నర తర్వాత, నాతో బడిలో కూర్చునే వయసు వచ్చాకే దాన్ని తిరిగి తెచ్చుకున్నాను.

ఆ తర్వాత బాబు పుట్టాడు. అప్పటికీ బదిలీ రాలేదు. సిగ్గు విడిచి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మస్తాన్‌బీ ఇంటికి వెళ్లాను. వసారా నిండా గరిటెలు, ఆమె వాటి మధ్య కూర్చుని రుద్దుతోంది. చేయి కొంగుకు తుడుచుకుని బాబు బుగ్గ తాకింది. రమ ఆమెను గుర్తుపట్టక నా చీర వెనక దాక్కుంది. "పెద్దదయిపొయ్యింది," అని మాత్రం అంది మస్తాన్‌బీ.

"ఎంత అడిగితే అంత ఇస్తాను బూబమ్మా. వీణ్ణి చూసుకో," అన్నాను.

"పిల్లకాయల్ని చూసేది ఇంక నా వల్ల గాదు టీచరమ్మా," అంది, చేతిలోని గరిటె ఆపకుండా. "ఇది చెక్క గదా. చేసి ఇచ్చేస్తాను. ఎవురు తీసకపోయినా ఏడుపు రాదు."

తప్పయిపోయింది అనాలి. "సరే, వస్తాను, పొద్దుపోయింది," అన్నాను. మరుసటి ఏడు ఆత్మకూరుకు బదిలీ వచ్చింది. ఉదయగిరి బస్సు రోజూ మా బడి ముందు నుంచే పోయేది. ఒక్కసారి ఎక్కితే సరిపోయేది, ఎక్కలేదు. కొన్నేళ్లకు ఆత్మకూరు బస్టాండులో మా పాత వీధి మనిషి కనబడి, మస్తాన్‌బీ పోయిందని మాటల మధ్య చెప్పాడు. ఆ రోజు బడిలో ఏం పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

రిటైరయ్యేదాకా ధరల గురించీ జీతాల గురించీ ఎన్నో సభల్లో మాట్లాడాను. ప్రతిసారీ మధ్యలో ఆమె ప్రశ్న అడ్డొచ్చి మాట తడబడేది. వినేవాళ్లు ఆవేశం అనుకునేవారు.

రమ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. "ఆయా అడిగింది ఇచ్చెయ్యి," అన్నాను. "ఆమేమన్నా వేరే అంగట్లో కొంటుందా?"

రమ నవ్వింది. "ఎక్కడిదమ్మా ఈ మాట?"

"నిన్ను పెంచినామె అంది."

"నన్ను పెంచింది నువ్వూ అవ్వా కదా?"

దాని తప్పేమీ లేదు. ఇన్నేళ్లలో నేను చెప్పలేదు. చెప్తే ఎందుకు పంపేశావని అడుగుతుందని భయం. ఆ భయంతోనే మొన్న మొదటిసారి ఆ పేరు చెప్పాను. రమ నా చేతిలోంచి గరిటె తీసుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎట్లా ఉండేదమ్మా ఆమె?" అంది.

జవాబు చెబుదామని కళ్లు మూసుకున్నాను. ముఖం గుర్తు రావడం లేదు. సాయంత్రపు వెలుతురులో పిల్లను నా ముందు దించి, లోపలి గదిలోకి తప్పుకుంటున్న ఆమె వీపే కనబడుతోంది.