చిన్నాయన డప్పు పక్కన నా బేస్ తీగలు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో రిపేరు చేసే ఆయన నా బేస్ గిటారు తిప్పి చూసి, ఈ తీగలు ఎప్పుడో చచ్చిపోయాయి, కొత్తవి వేసేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. కారణం చెప్పాలంటే తెలంగాణ ఉద్యమం రోజులకు వెళ్ళాలి, ఆయనకేమో వేరే గిరాకీ ఉంది.

అప్పట్లో నేను చంపాపేట్‌లో కిరాయికి ఉంటూ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో, పాట అడుగున మంద్రంగా మోగే బేస్ వాయించేవాణ్ణి. మా చిన్నాయన నల్గొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడి, పగలు సెంట్రింగ్ పని చేసి, సాయంత్రాలు ఉద్యమ సభల్లో డప్పు కొట్టేవాడు. పాడేవాళ్ళు ఆయన దెబ్బను బట్టే అడుగు వేసేవాళ్ళు. ఎల్‌బీ నగర్‌లో జరగబోయే సభలో ఆయన పక్కన నిలబడి వాయించాలని నాకు ఒకటే కోరిక. రిహార్సల్లో ఒక్క పాట కాగానే ఆయన డప్పు దించేశాడు.

"గా కిర్రుకిర్రేందిరా? పిల్లి రేకుల మీద గోకినట్టుంది. గిట్లనే అయితే నువ్వు కింద కూసోని చప్పట్లు కొట్టు."

అందరూ నవ్వారు. కోపం వచ్చింది కాని, ఇంటికి వెళ్ళి మళ్ళీ వాయించుకుని వింటే ఆయన మాటే నిజమనిపించింది. మామూలు బేస్ తీగ మీద సన్నని గుండ్రటి తీగ చుట్టి ఉంటుంది, స్క్రూ మీది గాట్లలాగా. వేలు జరిపినప్పుడల్లా కీచుమంటుంది, పైగా దాని పదును డప్పు పదునుతో పోటీ పడుతుంది. ఫ్లాట్‌వౌండ్ అనే రకానికి రిబ్బన్‌లా చదునైన తీగ చుడతారని, అది నున్నగా ఉండి, మీటగానే బరువుగా పలికి ఆగిపోతుందని ఎక్కడో చదివాను. దిల్‌సుఖ్‌నగర్‌లో వాద్యాల దుకాణం నడిపే గుంటూరు ఆయన దగ్గర ఒక్క సెట్టు మిగిలి ఉంది.

"ఇవేస్తే మీరు వాయిస్తున్నట్టే ఎవరికీ తెలీదండీ. తర్వాత నన్ననొద్దు," అన్నాడు.

అవే కావాలన్నాను.

సభ నాడు చిన్నాయన ఎప్పటిలాగే వేదిక వెనక గడ్డి మంట వేసి డప్పు కాగబెట్టాడు. వేడికి తోలు బిగిసి సరిగ్గా పలికేదాకా దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడు. మొదటి పాట సగంలో, వాయిస్తూ వాయిస్తూనే నా పక్కకు జరిగాడు. రెండో పాటలో ఒకచోట చెయ్యి ఎత్తి, కొట్టకుండా ఆపి, ఆ దెబ్బ నా తీగలకు వదిలేశాడు. దిగాక తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నా గిటారు వంక చూశాడు.

"ఏంరా, నీది గూడ కాగవెట్టుకొచ్చినవా?"

అంతే అన్నాడు. సభకు వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా గిటారు గురించి అడగలేదు. దుకాణం ఆయన చెప్పింది అక్షరాలా జరిగింది. అంత గర్వపడిన రోజు నాకు మరొకటి లేదు.

తెలంగాణ రావడం చిన్నాయన చూశాడు. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు చాలాచోట్ల కీబోర్డు మీట నొక్కితే డప్పు మోగుతుంది, దానికి మంట అక్కర్లేదు. ఆయన డప్పు మా ఇంట్లోనే ఉంది. మేముండే నాలుగో అంతస్తులో గడ్డి మంట వేసే చోటు లేదు, ఎంతసేపు కాచాలో చెప్పేవాళ్ళూ లేరు, అది చల్లగానే ఉంటోంది. ఆయన తన దెబ్బను వదిలిపెట్టిన ఆ తీగలు మాత్రం ఇంకా నా గిటారు మీదే ఉన్నాయి.