హాల్‌మార్కున్న మట్టెలు

మా జూనియర్ కాలేజీలో ఆ రోజు ఇంగ్లిషు పాఠంలో హాల్‌మార్క్ అనే మాట వచ్చింది. మర్యాద మంచి మనిషికి హాల్‌మార్క్ అని వాక్యం. చోడవరం పిల్లలకి ఆ మాట నేను నేర్పాలా? "వెండి బంగారం షాపు బోర్డు మీద ఉంటాది కదా మేడమ్" అని క్లాసంతా ఒకటే గోల. నిజమే, పుట్టింది అక్కడే. సరుకుని పరీక్ష చేసి, ఫర్వాలేదు, మంచిదే అని కొట్టే ముద్ర అది. తర్వాత జనం దాన్ని మనుషులకీ ఊళ్ళకీ కూడా తగిలించారు. అలా చెప్పి, మీరూ తలో ఉదాహరణ ఇవ్వండన్నాను. ఒకడు మా ఊరి హాల్‌మార్క్ చెరుకు లారీ అన్నాడు. ఇంకొకడు మా తాతకి దగ్గు అన్నాడు. మూడో బెంచీలో పిల్ల లేచి, "పెళ్ళయినోళ్ళకి మట్టెలు మేడమ్" అంది.

గుడ్ అనాలి. అనలేకపోయాను. ఎందుకంటే ముందురోజు సాయంత్రమే మా అమ్మ తనకొక జత మట్టెలు తెచ్చిపెట్టమంది. మా నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు.

నాన్న పోయిన పదోరోజున పెద్దమ్మ దగ్గరుండి అమ్మ మట్టెలు తీయించి, పాలగ్లాసులో వేయించింది. మా ఇళ్ళల్లో అదే ఆచారం. అదెవరూ మాట్లాడుకునే విషయం కాదు. అలాంటిది, బియ్యంలో రాళ్ళేరుకుంటూ, కూర ఏం వండాలో అడిగినంత మామూలుగా అడిగింది అమ్మ.

"హాల్‌మార్కున్నవి తే అమ్మీ. ఒట్టివైతే ఏలు నల్లబడిపోతాది."

"ఎవరికే?"

"ఎవరికేటి, నాకే. ఆ ఏలు ఒట్టిదైపోనాది. నడుస్తంటే నా కాలు కాదనిపిస్తంది."

"అలవాటైపోద్దిలే అమ్మా."

"ఊహ తెలిసీ తెలవనప్పుడు ఎట్టించుకున్నాను. అలవాటు పోవాలంటే మళ్ళీ అంత బతుకు కావాల కదేటి."

కాలేజీలో మహిళా దినోత్సవం నాడు మైకు నాకే ఇస్తారు. ఆడవాళ్ళు ఏం వేసుకోవాలో లోకం చెప్పడమేమిటని ప్రతి ఏడూ గొంతు చించుకుంటాను, పిల్లలు చప్పట్లు కొడతారు. తీరా మా అమ్మ జత మట్టెలడిగితే నా గుండెల్లో రాయి పడింది. పెద్దమ్మ ఏమంటుంది? రేపు ఎవరింటి పేరంటానికో వెళ్తే, అమ్మ కాళ్ళ వంక చూసి ఆ ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకోరూ? పోనీ వద్దందామంటే, వద్దనడానికి నేనెవర్ని? ఆవిడ వేలు, ఆవిడ కాలు. అమ్మకి నాన్న మీద బెంగా, మతిమరుపు మొదలైందా, పెద్దమ్మ మీద కోపమా? ఏదో ఒకటైతే బాగుండు, దానికి తగ్గట్టు ఉండొచ్చుననుకున్నాను. ఆవిడ చెప్పింది వేలు సంగతి మాత్రమే. అది నమ్మడమే నాకు కష్టమైంది.

కక్కలేక మింగలేక రెండ్రోజులు తిరిగి, కాలేజీ అయ్యాక మెయిన్ రోడ్డులో వెండి షాపుకి వెళ్ళాను. ఆ షావుకారు మాకు ఎప్పట్నించో తెలుసు. మట్టెలు కొన్నవాళ్ళ కాలు స్టూలు మీద పెట్టించి, తనే తొడిగి, కుంకుమ పొట్లం చేతికివ్వడం ఆయన అలవాటు. నేను మట్టెలనగానే స్టూలు లాగాడు. "అరిగిపోనాయా మేడమ్, సూపించండి" అన్నాడు. ఎవరికని అడగనే లేదు. నాకు కాదని నేనూ అనలేదు. కాలు పెట్టాను.

భూతద్దం ఇచ్చి మట్టె లోపలివైపు చూడమన్నాడు. గీతల్లాంటి సన్నటి అక్షరాలు. తొడుక్కున్నాక ఇంక అవి ఎవరికీ కనపడవు. నలుగురికీ కనపడేది మట్టె. నాకు మూడో బెంచీ పిల్ల గుర్తొచ్చింది, బుర్ర ఇంకా తిరిగిపోయింది. వెండికైతే ఎవరో పరీక్ష పెట్టి, నెగ్గాకే ముద్ర కొడతారు. ఒకసారి కొట్టాక, కొన్నవాడు పోయాడని దాన్ని చెరిపెయ్యరు. మరి అమ్మకి పదోరోజున పెట్టిన పరీక్ష ఏమిటి, ఆవిడ తప్పిందేమిటి? షావుకారు నా ముఖం చూసి, "నచ్చలేదేటి మేడమ్?" అన్నాడు. నచ్చాయన్నాను.

ఇంటికి తెచ్చిన మట్టెలు అమ్మ వేలికి సగం దాకా కూడా ఎక్కలేదు. ఎక్కుతాయా? అవి నా కాలి కొలతకి తీసుకున్నవి. అమ్మ నన్నూ మట్టెల్నీ మార్చి మార్చి చూసింది.

"నీకని సెప్పి కొన్నావేటే?"

"నేనేం చెప్పలేదమ్మా. ఆయనే అలా అనుకున్నాడు."

"సర్లే. రేపు నానే వస్తాను. నా కాలు సూస్తే ఎవరికీ ఏటీ అనుకునే పనుండదు."

వద్దనడానికి వంద కారణాలు వెతుక్కున్నాను. ఎండన్నాను, షాపులో రద్దీ అన్నాను. అమ్మ వినిపించుకోలేదు. పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని నాకంటే ముందు ఆటో ఎక్కి కూర్చుంది.

షాపులో అమ్మ ఎవరూ చెప్పకుండానే, నిలబడే స్టూలు మీద కాలు పెట్టి, "ఇవి మా అమ్మాయి కొలత బాబూ. నాకు సరిపోయినవి తీయి" అంది. షావుకారు మా నాన్న చావుకి వచ్చినవాడే. పెట్టెలోంచి పెద్ద సైజు తీశాడు, చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. పక్కన పట్టీలు చూసుకుంటున్న ఆవిడ పట్టీలు వదిలేసి మమ్మల్ని చూడటం మొదలెట్టింది. నాకు నేల తప్ప ఎటు చూడాలో తెలియలేదు.

"తప్పుగా అనుకోకండి పిన్నిగారూ," అన్నాడాయన మెల్లగా. "సరుకు ఇత్తాను, నాకేటి అబ్యంతరం నేదు. నా సేత్తో తొడగలేనమ్మా."

ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. కోపం రాలేదు, ఏమొచ్చిందో తెలియలేదు. మట్టెలు గాజుబల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. అమ్మ కాలు దించలేదు.

"నాను వంగలేను అమ్మీ," అంది నాతో. "నువ్వెట్టు."

మట్టెలు మొదటిసారి తొడిగేది పెళ్ళిలో పెళ్ళికొడుకు. కూతురు తల్లికి తొడగడం నేనెక్కడా చూడలేదు. అది తప్పో ఒప్పో అడగడానికి నాన్న కూడా లేడు. కొంగు దోపుకుని నేల మీద కూర్చున్నాను. అమ్మ పాదం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ పాదం అంత బరువుంటుందని నాకు తెలియదు. వేలు పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పుతూ మట్టె ఎక్కిస్తుంటే, పైనుంచి అమ్మ చెయ్యి వచ్చి నా తల మీద పడింది. దీవించిందో, పడిపోకుండా పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.