మారువేషానికి దండోరా

"ఏం కష్టాలూ లేవండీ, ఆయ్" అంది ఆమె. కొంగు చాటున అర్జీ కాగితం గుప్పిట్లో నలుగుతూనే ఉంది. ఎదురుగా తలగుడ్డ చుట్టుకుని, పంచె ఎగ్గట్టుకుని నిలబడ్డ బాటసారి మా తాసీల్దారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. రేవులో అందరికీ తెలుసు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

స్వరాజ్యం వచ్చిన కొన్నేళ్లకు అమలాపురంలో అధికారులకు శిక్షణ తరగతులు పెట్టేరు. పత్రికకు వార్తలు రాసేవాణ్ణి గనక వెనకబల్ల మీద నేనూ కూర్చున్నాను. పైనుంచి వచ్చిన పెద్దాయన పాఠమంతా పూర్వపు రాజొకాయన గురించి. మారువేషంలో ఒంటరిగా తిరిగి, గుడిసెల పక్కన నిలబడి, జనం తనను తిట్టే తిట్లు విన్న రాజు. పాఠం మంచిదే. "మీరూ అలా వెళ్లండి" అన్నారాయన.

మా తాసీల్దారు వెళ్లేరు. అయితే ముందురోజే రాజోలు అవతలున్న ఆ రేవు ఊళ్లో మునసబు దండోరా వేయించేడు. "రేపు తాసీల్దారుగారు మారువేషంలో దయచేస్తున్నారహో! ఎవరూ గుర్తుపట్టకూడదహో!"

"గుర్తుపడితే ఏవవుద్దండీ?" అన్నాడు పడవ నడిపే అతను.

"నీ పడవ ఒడ్డెక్కుద్ది" అన్నాడు మునసబు.

"పోనీ, గుర్తుపట్టకుండా దండం పెట్టొచ్చాండీ?"

అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఆమె నవ్వలేదు. వలలు అల్లుకుని బతికే మనిషి. ఆ యేడు వరదలో ఆమె ఇంటిస్థలాన్ని గోదావరి కోసుకుపోయింది. మరోచోట జాగా ఇప్పించమని నా చేతే అర్జీ రాయించుకుంది. కానీ బాటసారికి అర్జీ ఇస్తే గుర్తుపట్టినట్టే గదా!

ఆయన వెళ్లేక అడిగేను, "ఎందుకమ్మా ఇవ్వలేదు?"

"ఎలా ఇస్తానండీ బాబూ? ఆరెవరో నాకు తెలీదు గదండీ!" అంది.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని నేనే కచేరీకి వెళ్లేను. తాసీల్దారు మంచి హుషారులో ఉన్నారు. "స్వయంగా అడిగేనండీ. ఏ కష్టమూ లేదంది. రాజుగారి పద్ధతి దివ్యంగా పనిచేసింది, రాసుకోండి."

"ముందే దండోరా వేసేరండీ" అన్నాను.

"వేయకుండా వెళితే నన్నెవడైనా తిడితేనో?"

అర్జీ మీద ఆయన గుమస్తా ఒక్క ముక్క రాసి తిప్పి ఇచ్చేడు: "స్థలం కలదు." రికార్డులో ఆ స్థలం ఇవాళ్టికీ ఆమె పేరుమీదే ఉంది. అక్కడ రెండు నిలువుల నీళ్లున్నాయి.