మూసిన పెట్టెలో వెలుతురు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగాను. బోటు మీద వెనకాల ఎవరో కూర్చున్నారనీ, వల లాగుతుంటే పేరు పెట్టి పిలిచారనీ చెప్పేవాళ్ళు మా వాడలో ఇంటికొకరు. విని నవ్వేదాన్ని. ఫిజిక్స్‌లో పరిశోధనకి చేరాక ఆ నవ్వు ఇంకాస్త ఎక్కువైంది. అందుకే ఇది రాయడానికి కొంచెం సంకోచంగా ఉంది.

వెలుతురును పసిగట్టే పరికరాలు తయారుచేయడం నా పని. పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని గాజు మీద పల్చటి పొరగా పరిస్తే, వెలుతురు తగలగానే అందులో కరెంటు పుడుతుంది. దాని కింద కార్బన్ నానోట్యూబులు, అంటే వెంట్రుక కన్నా ఎంతో సన్నటి కార్బన్ గొట్టాలు, పరిస్తే అవి ఆ కరెంటును చప్పున బయటికి లాగుతాయి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును కూడా పట్టుకోవాలన్నది నా పట్టుదల.

పెరోవ్‌స్కైట్‌కి తేమ పడదు. విశాఖ గాలి సంగతి తెలిసిందే. పొద్దున నల్లగా నిగనిగలాడిన పొర సాయంత్రానికి పసుపుపచ్చగా మారిపోయేది. ఎన్నో పొరలు అలా పాడయ్యాక, నానోట్యూబులను పైన కూడా కప్పి చూశాను. ఆ పొర నిలబడింది. మా గైడ్ మేడమ్ గ్రాఫ్ చూసి నా భుజం తట్టారు. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను. ఆటో ఎక్కాలనిపించలేదు.

ఆ పొరతో చేసిన పరికరాన్ని నాన్నకి చూపించాలనుకున్నాను. ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపిన మనిషి. నీటికాసుల జబ్బుతో చూపు మొత్తం పోయింది. టార్చి కంట్లో వేసినా తెలియదని డాక్టర్లే చెప్పారు. చూడలేకపోయినా చేత్తో తాకుతాడు కదా అని ఒక మధ్యాహ్నం మద్దిలపాలెంలో బస్సు దింపి ల్యాబ్‌కి తీసుకొచ్చాను.

పరికరం ఇనప పెట్టెలో ఉంది. ఎదురుగా చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపం. మూత చుట్టూ నల్ల టేపు. దీపాన్ని ఎప్పుడు వెలిగించాలో, ఎప్పుడు ఆర్పాలో కంప్యూటరే తన ఇష్టప్రకారం నిర్ణయిస్తుంది. నాతో పనిచేసే హరిత, పరికరంలో పుట్టే కరెంటును గీతగా చూపించే కంప్యూటర్ తెర ముందు కూర్చుంది. నాన్న చేతిని పెట్టె మీద పెట్టాను.

"ఎలిగినాది," అన్నాడు నాన్న.

తెర మీద గీత అప్పుడే పైకి లేస్తోంది.

"ఏటి నాన్నా ఎలిగినాది?"

"దీపమే అమ్మీ. ఇదిగో, ఆరిపోనాది."

గీత కిందికి దిగింది. హరిత నా వైపు చూసింది.

చేతికి ఏదైనా అదురు తెలుస్తోందేమో అనుకున్నాను. నాన్నను వరండాలో కూర్చోబెట్టి, తలుపు మూసి నేనూ పక్కనే నిలబడ్డాను. ఆయన వెలిగిందన్నప్పుడల్లా ఫోన్‌లో టైమ్ రాసుకున్నాను. తర్వాత గ్రాఫ్‌తో పోల్చాం. అన్నీ సరిపోయాయి.

హరితకి చిరాకేసింది. "ఎలా కుదురుతుంది?" అంటూ దీపం తీగ పీకేసి, కొసను బల్ల మీద పడేసింది. నాన్నను మళ్ళీ లోపలికి తెచ్చాం. తీగ పీకిన సంగతి చెప్పలేదు. గీత నేలబారుగా సాగుతోంది. నాన్న ఏమీ అనలేదు.

కాసేపటికి ఆయన ముఖం విచ్చుకుంది.

"మళ్ళీ ఎలిగినాదే. ఈసారి శానా పెద్దది."

గీత లేచింది. అంత ఎత్తుకి అంతకుముందెప్పుడూ లేవలేదు. తీగ బల్ల మీదే ఉంది. నాన్న "పోనాది" అనేదాకా గీత దిగలేదు.

టేపు చూశాం, వైర్లు మార్చాం, ఎర్తింగ్ పరీక్షించాం. ఎక్కడా తేడా లేదు. మర్నాడు నాన్నను మళ్ళీ కూర్చోబెట్టాను. "ఏటీ కనపడ్నేదమ్మీ," అన్నాడు, దీపం వెలుగుతున్నప్పుడు కూడా. గీత మాత్రం దీపం వెలిగితే లేచింది, లేకపోతే లేదు. ఇప్పటికీ అంతే.

మళ్ళీ చేసి చూపించగలిగిందే రీసెర్చ్ పేపర్లో రాయాలన్నారు మేడమ్. అది న్యాయమే. నా పేరుతో వచ్చిన ఆ పేపర్‌కి ఫ్రేమ్ కట్టించి నాన్న మంచం పక్కన పెట్టాను. ఎవరొచ్చినా ఆయన దాన్ని తడిమి చూపిస్తాడు. "మా అమ్మి సేసిన కన్ను ఇది. అదీ నానూ ఒకటే సూసినాం," అంటాడు.

ఏం చూశావని అడిగాను. వెలుతురేనంటాడు, అంతకుమించి చెప్పడు. నా పరికరం ఎలా పనిచేస్తుందో ఎవరికైనా గంటసేపు వివరించగలను. ఆ మధ్యాహ్నం అది దేన్ని చూసిందో మాత్రం ఇవాళ్టికీ చెప్పలేను.