నిండుగానే తిరిగొచ్చిన కూజా

మొన్న మా మనవరాలు టెలిఫోను పట్టుకుని మధురలో ఎవరో లాడ్జీ ఆయనతో అరిచి మాట్లాడుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నన్నూ, నా ఇద్దరు ఆడబిడ్డలనూ కారులో తీసుకువెళ్ళి, తొందర లేకుండా మీనాక్షమ్మ దర్శనం చేయించి, మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చనిచ్చి, పొద్దుగూకే లోపల కోవిల్‌పట్టికి తిరిగి చేర్చాలని దాని ఏర్పాటు. మా ముగ్గురికీ కలిపి ఒక్క మంచి మోకాలు లేదు కనుక కింది అంతస్తులో గది కావాలనడం బాగానే ఉంది. ఆ వెంటనే, వీధిలో పోయేవాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా, గదిలోనే బాత్రూం ఉందా, తలుపుకు గడియ సరిగా పడుతుందా, దారిలో ఆడవాళ్ళు దిగడానికి శుభ్రమైన చోటు ఎక్కడుంది అని వరసపెట్టి అడిగింది. ఛీ, ఏం పిల్ల ఇది, సిగ్గూ శరం లేకుండా అనుకున్నాను. లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. నా ఈడు ఆడవాళ్ళకు ఆ ఏడుపు ఎందుకో చెప్పనక్కరలేదు, తక్కినవాళ్ళ కోసం చెబుతాను.

ఎట్టయాపురం పక్కన ఒక నల్లరేగడి పల్లెకు నేను కోడలిగా వచ్చిన కొత్తలు అవి. మధుర రైలు దారిలో ఉన్న ఊరికి విరుదునగర్ అని పేరు మారినా మా పెద్దవాళ్ళ నోటికి అది ఇంకా విరుదుపట్టే. మా మామగారి తల్లిని ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్ళం. ఆవిడకు శుక్లాలు ముదిరి, మనిషి దగ్గరికి వస్తే తప్ప పోల్చుకోలేని స్థితి వచ్చింది. పూర్తిగా చీకటి కమ్మే లోపల మధుర పట్నం చూడాలి, మీనాక్షమ్మ ముక్కుపుడక మెరుపు కళ్ళారా చూడాలి, ఆ తరువాత ఏమైనా కానీ అని ఆవిడ కోరిక. జీవితంలో ఆవిడ నోరు తెరిచి అడిగిన కోరిక బహుశా అదొక్కటే.

మామగారు ఊరంతటినీ గడగడలాడించే మనిషి, తల్లి ముందు మాత్రం పసిపిల్లవాడు. అమ్మకు కాలు నొప్పి తెలియకుండా పట్నం చూపించి తీసుకురావాలని ఎంత ఆలోచించాడో! ముందుగా తానొక్కడే మధురకు పోయి, ఏ గోపురం వైపు నుంచి వెళితే నడక తక్కువో, ప్రాకారంలో నీడ ఎక్కడుంటుందో, ఏ సత్రంలో అరుగు ఎత్తు తక్కువో చూసుకుని వచ్చాడు. బండిలో వరిగడ్డి మెత్తగా పరిపించాడు, రైలు ఎక్కడానికి ఒక ముక్కాలిపీట, అలసిన చోటల్లా కూర్చోడానికి ఒక చిన్నపీట చేయించాడు. అవ్వ పరాయి బావి నీళ్ళు ముట్టదని ఇంటి బావి నీళ్ళు పెద్ద ఇత్తడి కూజాలో నింపి, మరమూత బిగించి, పాలేరుకు కూడా ఇవ్వకుండా తన భుజాన తగిలించుకున్నాడు. ఇంతకంటే ఏ కొడుకు చేస్తాడు చెప్పండి?

తోడుకు నేనూ మా ఆయనా వెళ్ళాలి. ఆడవాళ్ళ ఏర్పాటు వేరుగా ఉంది. ముందు రోజు సాయంత్రం అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది. “రేపు పొద్దుగూకేదాకా బయటికి పొయ్యేదానికి చోటుండదు అమ్మాయీ. ఇప్పటినుంచే నీళ్ళు ముట్టొద్దు. మజ్జిగ కూడా వద్దు.” మా అమ్మ నన్ను కాపురానికి పంపేటప్పుడు చెప్పిన మాటే అది. పల్లెలో తెల్లవారక ముందూ, చీకటి పడిన తరువాతా తుమ్మపొదల చాటు ఉండేది. పట్టపగలు పట్నంలో ఆడదానికి చాటు ఎక్కడిది? ఎదిగిన కొడుకుతో తల్లి ఈ మాట అనదు, కోడలు మామ ఎదుట నిలబడి అసలు ఏ మాటా అనదు, ఇక మా ఆయనతో పగటిపూట మాట్లాడడమే నాకు అప్పటికి అలవాటు లేదు. ఒకే ప్రయాణానికి ఒకే ఇంట్లో రెండు ఏర్పాట్లు జరిగాయి, ఒకదాని సంగతి రెండోదానికి తెలియదు.

ఉగాది రోజుల పంగుణి నెల ఎండ, మా వైపు ఆ ఎండ ఎలాంటిదో అనుభవించినవాళ్ళకే తెలుసు. కోవిల్‌పట్టిలో రైలెక్కింది మొదలు సాత్తూరు దగ్గరొకసారి, విరుదుపట్టి దగ్గరొకసారి మామగారు మరమూత విప్పి, గ్లాసులో పోసి, తాగమ్మా అని బతిమాలేవాడు. “చుమ్మా ఊరికే ఉండురా, దాహం లేదు,” అని అవ్వ మొహం తిప్పుకునేది. రైలు పెట్టెలో ఆ పనికి ఒక చిన్న గది ఉండనే ఉంది, దాని తలుపుకు ఆనుకుని మూటల మీద మగవాళ్ళు కూర్చున్నారు. మధురలో సత్రం వెనకా అదే వరస, అక్కడా మగవాళ్ళే. మామగారు మా ఆయన చేత గ్లాసు నా వైపు కూడా చాపించాడు, నేనూ తల అడ్డంగా ఊపాను. నాకు వయసుంది కనుక ఓర్చుకున్నాను, ఆ ముసలిప్రాణం ఎలా ఓర్చుకుందో ఇప్పటికీ నాకు తెలియదు.

గుడిలో ఆయన అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగాయి. నీడలోనే నడిపించాడు, అలిసినప్పుడల్లా పీట వేశాడు. అంతా చేసి, చివరికి అమ్మవారి ఎదుట నిలబెట్టి, కనబడిందా అమ్మా అని చిన్నపిల్లాడిలా అడిగాడు. అవ్వ పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్ళు తేలిపోతున్నాయి. “ఇంటికి పోదాం రా, పోదాం,” అన్నది, అంతే. ఆయన మొహం ఎలా వాడిపోయిందో నేను కొంగు చాటు నుంచి చూశాను.

తిరుగు రైలులో విరుదుపట్టి స్టేషను వస్తుండగా అవ్వ నా ఒళ్ళోకి ఒరిగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, పిలిస్తే పలకలేదు. మగవాళ్ళిద్దరూ ఎత్తి దించారు. నేను సిగ్గు మరిచిపోయి అవ్వా అవ్వా అని కేకలు పెడుతుంటే, తెలుగు మాట విని స్టేషను పక్క సందులోనుంచి ఒక నడివయసు ఆవిడ పరుగెత్తుకొచ్చింది, మగ్గం నేసే ఇంటి మనిషట. “మనోళ్ళా మీరు? యా ఊరమ్మా?” అంటూనే ఆ మహాతల్లి మమ్మల్ని తన ఇంటికి నడిపించి, మగవాళ్ళను వాకిటి తిన్నె మీదే ఆపేసింది. మొహాన నీళ్ళు చల్లితే అవ్వ కళ్ళు తెరిచింది, చెంబు నోటి దగ్గర పెడితే మాత్రం అప్పుడు కూడా మొహం తిప్పుకుంది. ఆవిడ అవ్వ వంకా నా వంకా ఒక చూపు చూసి, ఏమీ అడగకుండా, ఇద్దరినీ పెరట్లో తాటాకు తడిక వెనక్కి తీసుకెళ్ళింది. “ఊరు చూపిస్తామని తీసుకొచ్చి ప్రాణం తీస్తారు ఈ మొగోళ్ళు,” అని గొణిగింది. తిరిగొచ్చాక అవ్వ పరాయి బావి అన్న పట్టింపు మరిచిపోయి చెంబు మీద చెంబు తాగింది.

గుమ్మంలోంచి మామగారు ఆ తాగడం ఒక్కటే చూశాడు. కూజా ఇంకా ఆయన భుజానే ఉంది. “ముక్కూ మొగం తెలీని ఇంట్లో నీళ్ళు తాగె, నేను మోసిన నీళ్ళు తాగలా,” అన్నాడు మా ఆయనతో. ఆ మాట అవ్వ విన్నది. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, “వానికి చెప్పొద్దే. కన్నబిడ్డకి ఇది చెప్పి ఎట్ల తలెత్తుకునేది?” అన్నది. ఆ రాత్రి అక్కడే ఉండి, మరునాడు ఊరు చేరాక ఆయన మూత విప్పి ఆ నీళ్ళన్నీ మునగచెట్టు మొదట్లో పోశాడు.

అవ్వ మళ్ళీ ఊరు దాటలేదు. ఏడాది తిరగకుండా చూపు పూర్తిగా పోయింది. ముక్కుపుడక కనబడిందో లేదో ఆవిడ చెప్పలేదు, ఆయన మళ్ళీ అడగలేదు. ఒకటి మాత్రం చేసేది. ఆయన పొలం నుంచి వచ్చిన అడుగుల చప్పుడు వినగానే, దాహం ఉన్నా లేకున్నా, ఆయన చేతనే నీళ్ళు తెప్పించుకుని చెంబు ఖాళీ అయ్యేదాకా తాగేది. ఆయనకు అది అర్థం కాలేదు. తన ఏర్పాటులో ఏం లోపమో తెలియకుండానే ఆ మంచి మనిషి వెళ్ళిపోయాడు.

ఈ కాలం పిల్లలకు నోరెక్కువ అని నేనే ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆ నోరు మాకుంటే ఆ తల్లీకొడుకుల మధ్య అంత మౌనం ఉండేది కాదు. ఈ ఉదయం కారు వాకిట్లోకి వచ్చింది. మామగారి పెద్దకూతురు, నా ఆడబిడ్డ, నిన్న సాయంత్రం నుంచీ నీళ్ళ గ్లాసు పక్కకు నెడుతూనే ఉంది, పొద్దున కాఫీ కూడా వద్దన్నది. దాహం లేదు వదినా అన్నది, అచ్చం అవ్వలాగే మొహం తిప్పుకుని. నేను చెంబు నిండా నీళ్ళు తెచ్చి, మీ నాయన మోసిన నీళ్ళే అనుకుని తాగమని ఆమె చేతిలో పెట్టి, ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.