కర్టెన్ వెనక

సెలవులకు ఇంకా నెలన్నర ఉంది. రిక్కార్టన్‌లో మే అంటే చలికాలం మొదలు, భూమికి దక్షిణపు కొస కదా; ఆ నెలంతా చీకట్లో ఆఫీసుకు వెళ్లి, చీకట్లోనే ఫ్లాట్‌కు వచ్చేదాన్ని. దిగులుగా ఉందంటే, ఆఫీసులో మనశ్శాంతి క్లాసు చెప్పే ఆవిడ, "పొద్దున్నే పది నిమిషాలు కిటికీ దగ్గర కూర్చోండి" అంది.

శనివారం కర్టెన్ లాగాను. వెనకంతా నల్లగా బూజు పట్టింది. కిటికీ గట్టు మీద జిగట నీళ్లు, అందులో చచ్చిన నత్త. ముక్కు మూసుకున్నాను. చలికి భయపడి కిటికీ తెరవకుండా, తడిబట్టలు గదిలోనే ఆరేసి, నెలంతా ఆ గుడ్డ పక్కనే మొహం పెట్టి పడుకున్నాను. రెండు గంటలు వెనిగర్‌తో తుడిచాక, చాలా రోజులకి ఆకలేసింది.

సోమవారం ఆవిడ, "కిటికీ దగ్గర కూర్చున్నారా? ఎలా అనిపించింది?" అని అడిగింది.

"అసహ్యమేసింది" అన్నాను.

ఆవిడ నవ్వి, అందరికీ రాసినట్టే నా పేరు పక్కన కూడా 'ప్రశాంతం' అని రాసుకుంది.